సూది ఎవరి చేతిలో ఉండాలి? అత్యవసర వైద్యంలో అడ్రినలిన్ నియంత్రణ: సూరత్ నుంచి ఒక పరిశీలన

ఒక మందును కనిపెట్టడం ఒక చరిత్ర. ఆ మందును రోగికి ఎక్కించే అధికారం ఎవరికి ఉండాలో నిర్ణయించుకోవడం మరొక చరిత్ర. మొదటిది విజ్ఞానశాస్త్ర పుస్తకాలలో దొరుకుతుంది. అందులో శాస్త్రవేత్తల పేర్లు, ప్రయోగశాలలు, నోబెల్ బహుమతులు ఉంటాయి. రెండవది చట్టాలలో, ప్రభుత్వ ఉత్తర్వులలో, అంబులెన్సు సిబ్బంది శిక్షణ పుస్తకాలలో చెల్లాచెదురుగా ఉంటుంది. దానిని ఒకచోట చేర్చి చదివేవారు తక్కువ. కానీ ప్రాణాపాయంలో ఉన్న మనిషికి మొదటి చరిత్ర ఎంత అవసరమో, రెండవది కూడా అంతే అవసరం. మందు ఉన్నా, దానిని ఎక్కించే హక్కు ఉన్న చెయ్యి దగ్గర లేకపోతే ఆ మందు లేనట్టే కదా!

ఈ ఉపన్యాసంలో అడ్రినలిన్ అనే మందును ఉదాహరణగా తీసుకుందాం. అమెరికాలో దీనినే ఎపినెఫ్రిన్ అంటారు. పరిశీలనకు సూరత్ నగరాన్ని ఎన్నుకున్నాం. దానికి రెండు కారణాలు ఉన్నాయి. తాపీ నది ఒడ్డున ఉన్న ఈ గుజరాత్ నగరం వలస కార్మికుల నగరం. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వెళ్ళిన నేత కార్మికుల కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వంటి పేటలలో తరాలుగా నివసిస్తున్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతూ వచ్చింది. ఇది మొదటి కారణం. ఇక రెండవది: 2007 తరువాత సూరత్ వీధులలో తిరుగుతున్న 108 అంబులెన్సు వ్యవస్థ పుట్టింది మన హైదరాబాదులోనే.

శరీరంలో జరిగే ప్రమాదం

ముందుగా వ్యాధిని అర్థం చేసుకుందాం. కొందరికి తేనెటీగ కుట్టినా, వేరుశనగ గింజ తిన్నా, పెన్సిలిన్ వంటి మందు పడినా శరీరం అతిగా ప్రతిస్పందిస్తుంది. హిస్టమిన్ వంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. రక్తనాళాలు సడలిపోతాయి, వాటిలోని ద్రవం బయటకు ఊరుతుంది, రక్తపోటు పడిపోతుంది. గొంతు వాస్తుంది, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, ఆయాసం, స్పృహ తప్పడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. దీనినే అనాఫిలాక్సిస్ అంటారు.

ఈ స్థితిలో ముందుగా ఇవ్వవలసిన మందు అడ్రినలిన్. అది సడలిన రక్తనాళాలను బిగిస్తుంది, బిగిసిన శ్వాసనాళాలను సడలిస్తుంది, గుండెకు బలాన్నిస్తుంది. తొడ బయటివైపు మధ్యభాగంలో, కండరంలోకి ఇస్తే త్వరగా రక్తంలో కలుస్తుంది. దద్దుర్లు తగ్గించే ఇతర మాత్రలు, ఇంజెక్షన్లు దీనికి తోడుగా ఉండవచ్చు కానీ దీని స్థానాన్ని తీసుకోలేవు.

ఎంత వేగంగా ఇవ్వాలి? బ్రిటన్‌లో అనాఫిలాక్సిస్ మరణాలను పరిశీలించి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. చనిపోయినవారిలో ఆహారం వల్ల ప్రమాదం వచ్చినప్పుడు గుండె లేదా శ్వాస ఆగడానికి పట్టిన మధ్యస్థ సమయం 30 నిమిషాలు. కీటకం కుట్టినప్పుడు 15 నిమిషాలు. ఆసుపత్రిలో ఇచ్చిన మందు వికటించినప్పుడు 5 నిమిషాలే. ఇదే అధ్యయనంలో మరొక విషయం తేలింది. మరణించినవారిలో 62 శాతం మందికి అడ్రినలిన్ ఇచ్చారు. కానీ గుండె ఆగకముందే అది అందినవారు 14 శాతం మాత్రమే. అంటే చాలా సందర్భాలలో మందు అందింది కానీ ఆలస్యంగా అందింది. ఈ 5, 15, 30 అంకెలను గుర్తుంచుకోండి. ఇక ముందు మనం చూడబోయే ప్రతి చట్టాన్నీ, ప్రతి ఉత్తర్వునూ ఈ నిమిషాలతోనే కొలవాలి.

మందు పుట్టుక

మూత్రపిండాల పైన చిన్న టోపీల్లా ఉండే గ్రంథులను అధివృక్క గ్రంథులంటారు. 1890 దశకంలో ఇంగ్లండులో జార్జి ఆలివర్, ఎడ్వర్డ్ షేఫర్ అనేవారు ఈ గ్రంథుల సారాన్ని జంతువులకు ఎక్కిస్తే రక్తపోటు అమాంతంగా పెరుగుతుందని నిరూపించారు. ఆ సారంలోని అసలు పదార్థం కోసం పలు దేశాలలో పోటీ మొదలైంది. అమెరికాలో జాన్ ఏబెల్ తాను వేరుచేసిన పదార్థానికి ఎపినెఫ్రిన్ అని పేరు పెట్టాడు. జపాను దేశస్థుడైన జోకిచి తకమినె తన సహాయకుడు కీజో ఉవెనకతో కలిసి 1900-1901 ప్రాంతంలో న్యూయార్కులో దానిని శుద్ధమైన స్ఫటికాల రూపంలో సాధించాడు. పార్క్-డేవిస్ కంపెనీ దానిని అడ్రినలిన్ అనే వ్యాపార నామంతో అమ్మింది. ఒకే మందుకు రెండు పేర్లు ఇలా వచ్చాయి. 1904లో జర్మనీలో ఫ్రీడ్రిక్ స్టోల్జ్ దీనిని కృత్రిమంగా తయారు చేశాడు. ఆ తరువాత జంతువుల గ్రంథుల మీద ఆధారపడవలసిన అవసరం తగ్గింది.

అదే కాలంలో వ్యాధికి కూడా పేరు దొరికింది. ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్తియే సముద్రజీవుల విషం మీద ప్రయోగాలు చేస్తూ, మొదటిసారి తట్టుకున్న విషాన్నే కొన్ని వారాల తరువాత కొద్దిగా ఇచ్చినా కుక్కలు చనిపోతున్నాయని గమనించారు. 1902లో దీనికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించింది. ఈ విధంగా ఇరవయ్యవ శతాబ్దం మొదట్లోనే రోగమూ తెలిసింది, మందూ తయారైంది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఆసుపత్రి బయట, వైద్యుడు లేని చోట, ఈ సూదిని ఎవరు వేయాలి?

తనంతట తానే దిగే సూది

ఈ ప్రశ్నకు ఒక జవాబు యుద్ధరంగం నుంచి వచ్చింది. విషవాయువుల దాడి జరిగితే సైనికుడు తనకు తానే విరుగుడు వేసుకోవాలి. చేతులు వణుకుతున్నప్పుడు గాజు ఆంప్యూల్ పగలగొట్టి, సిరంజిలోకి మందు తీసి, కొలిచి వేసుకోవడం కష్టం. అందుకే అమెరికాలో షెల్డన్ కాప్లాన్ అనే ఇంజనీరు బృందం 1970 దశకంలో ఒక పరికరాన్ని రూపొందించింది. తొడకు గట్టిగా ఒత్తితే చాలు, లోపలి స్ప్రింగు విడుదలై సూది దానంతట అదే దిగి, కొలిచిన మోతాదు కండరంలోకి వెళ్తుంది. దీనినే ఆటో ఇంజెక్టర్ అంటారు. ఇదే సూత్రంతో తయారైన అడ్రినలిన్ పరికరం ఎపిపెన్. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీనిని 1987లో ఆమోదించింది. పెద్దలకు 0.3 మిల్లీగ్రాములు, చిన్నపిల్లలకు 0.15 మిల్లీగ్రాములు ఇచ్చే రెండు రకాలు వచ్చాయి.

ఈ పరికరం వల్ల లాభమెంత? 2001లో కెనడా పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. ఆంప్యూల్ నుంచి పసిబిడ్డకు తగిన మోతాదును సిరంజిలోకి తీయమని వేర్వేరు బృందాలను అడిగారు. తల్లిదండ్రులకు సగటున 142 సెకన్లు పట్టింది. వైద్యులకు 52, సాధారణ నర్సులకు 40, అత్యవసర విభాగం నర్సులకు 29 సెకన్లు పట్టింది. ఇక్కడ ఆగి ఒక మాట ఆలోచించండి. అందరికన్నా వేగంగా పని పూర్తి చేసినవారు పెద్ద చదువు చదివిన వైద్యులు కాదు, రోజూ ఆ పని చేసే నర్సులు. తల్లిదండ్రుల విషయంలో ఆలస్యమొక్కటే సమస్య కాలేదు. వారు తీసిన మందు మోతాదుల మధ్య 40 రెట్ల వరకు తేడా కనిపించింది. ఆటో ఇంజెక్టర్ ఈ రెండు లోపాలనూ తగ్గిస్తుంది. అయితే చేతి నైపుణ్యం లోటును పరికరం తీర్చగలదు కానీ అధికారం, బాధ్యత అనే ప్రశ్నలను తీర్చలేదు. వాటికి చట్టమే సమాధానం చెప్పాలి.

ఇతర దేశాలు ఏం చేశాయి?

అమెరికాలో అంబులెన్సు సిబ్బందికి స్థాయిలు ఉన్నాయి. మొదటి స్థాయి వారిని అత్యవసర వైద్య సహాయకులు, అంటే ఈఎంటీలు అంటారు. 1994 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక వీరికి ఒక పరిమిత అనుమతి ఇచ్చింది. రోగికి వైద్యుడు ముందే రాసి ఇచ్చిన ఆటో ఇంజెక్టర్ రోగి దగ్గరే ఉంటే, దానిని వాడడానికి ఈఎంటీ సహాయపడవచ్చు. జీవితంలో మొదటిసారి ఈ ప్రమాదం వచ్చిన మనిషి జేబులో పరికరం ఉండదు కదా! అందువల్ల అంబులెన్సులోనే ఈ మందు ఉండాలన్న డిమాండు పెరిగి, వేర్వేరు రాష్ట్రాలు తమ నిబంధనలను సడలించాయి.

తరువాత ధర అడ్డు వచ్చింది. 2007 ప్రాంతంలో సుమారు 100 డాలర్లున్న రెండు పెన్నుల పెట్టె ధర 2016 నాటికి 600 డాలర్లు దాటింది. ఆ ఏడాది అమెరికా కాంగ్రెసులో దీని మీద విచారణ జరిగింది. లోపలి మందు విలువ చాలా తక్కువ, ఖరీదంతా పరికరానిదే. ఈ భారం తట్టుకోవడానికి సియాటిల్ నగరం ఉన్న కింగ్ కౌంటీ 2010 దశకం మధ్యలో వేరే దారి పట్టింది. ఈఎంటీలకు ప్రత్యేక శిక్షణ ఇచ్చి, సీసా, సిరంజి, మోతాదు పట్టిక ఉన్న పెట్టెను అందించింది. ముందు లక్షణాలను పట్టికతో సరిచూసుకోవాలి, ఆ తరువాతే సూది వేయాలి. న్యూయార్కు రాష్ట్రం కూడా ఇదే బాట పట్టింది. శిక్షణ లేని చేతుల కోసం పుట్టిన పరికరాన్ని పక్కన పెట్టి, చేతులకే శిక్షణ ఇచ్చారన్నమాట.

బ్రిటన్ మార్గం మరొకటి. అక్కడ 2012 నాటి మానవ ఔషధ నిబంధనలలో ఒక జాబితా ఉంది. ప్రాణం కాపాడడానికి అత్యవసరంలో ఎవరైనా ఇవ్వగల ఇంజెక్షన్ల జాబితా అది. అడ్రినలిన్ అందులో ఉంది. 2017 అక్టోబరు నుంచి పాఠశాలలు కూడా వైద్యుని చీటీ లేకుండా ఆటో ఇంజెక్టర్లను కొని ఉంచుకోవడానికి అక్కడ వీలు కల్పించారు.

సూరత్, 1994

ఇప్పుడు మన దేశానికి వద్దాం. అత్యవసరంలో మందు ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న సూరత్‌కు కొత్త కాదు. 1994 సెప్టెంబరులో ఆ నగరంలో ప్లేగు కలకలం రేగింది. కొద్ది రోజులలోనే లక్షలాది మంది రైళ్ళలో, బస్సులలో నగరం విడిచి వెళ్ళారు. వారిలో మన నేత కార్మికులూ ఉన్నారు. ప్రైవేటు వైద్యులు చాలామంది ఆసుపత్రులకు తాళాలు వేసి వెళ్ళిపోయారు. ప్రభుత్వ సివిల్ ఆసుపత్రి మీద భారమంతా పడింది. ప్రజలు మందుల దుకాణాల మీద పడి టెట్రాసైక్లిన్ గొట్టాలను చీటీ లేకుండానే కొన్నారు. రోగం ఉన్నవారూ, లేనివారూ వాడారు. అవసరమైనవారికి మందు దొరకని పరిస్థితి వచ్చింది. దేశం మొత్తం మీద 50 మందికి పైగా మరణించారు.

ఆ తరువాతి ఏడాది నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు సూరత్ పారిశుధ్యాన్ని ఎలా మార్చారన్నది మీరు విని ఉండవచ్చు. మన అంశానికి కావలసిన పాఠం వేరు. నియమం లేని చోట మందు అవసరం లేని వారి చేతికీ వెళ్తుంది. వైద్యుడు ఒక్కడే ఇవ్వాలన్న నియమం ఉన్న చోట, వైద్యుడు లేకపోతే మందు ఎవరికీ అందదు. 1994 సూరత్‌లో ఈ రెండు ప్రమాదాలూ ఒకేసారి కనిపించాయి. మందుల నియంత్రణ అంటే ఈ రెండింటి మధ్య దారి వెతకడమే.

హైదరాబాదు నుంచి సూరత్‌కు

ఆ కాలంలో మన దేశంలో అంబులెన్సు అంటే ఎక్కువగా రోగిని మోసుకుపోయే బండి మాత్రమే. లోపల స్ట్రెచర్, మహా అయితే ఆక్సిజన్ సిలిండరు ఉండేవి. చికిత్స ఆసుపత్రికి చేరిన తరువాతే మొదలయ్యేది. న్యాయస్థానాలు ఈ లోటును గుర్తించాయి. 1989లో పరమానంద్ కటారా కేసులో, ప్రాణాపాయంలో ఉన్నవారికి చికిత్స చేయడం ప్రతి వైద్యుని బాధ్యత అని సుప్రీంకోర్టు చెప్పింది. 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో, అత్యవసర చికిత్స నిరాకరించడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కుకు భంగమని తీర్పు ఇచ్చింది. పరికరాలు, సిబ్బంది ఉన్న అంబులెన్సులు కావాలని కూడా అందులో సూచించింది.

2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈఎంఆర్ఐ సంస్థ 108 సేవలను ప్రారంభించింది. ఒకే ఫోను నంబరు, నడుస్తున్న వాహనంలోనే చికిత్స, శిక్షణ పొందిన ఈఎంటీ, ఇవీ దాని ప్రత్యేకతలు. సిబ్బంది శిక్షణలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం సహకరించింది. 2007 ఆగస్టు 29న ఇదే వ్యవస్థ గుజరాత్‌లో మొదలై, క్రమంగా సూరత్‌తో సహా రాష్ట్రమంతటా విస్తరించింది. అత్యవసర వైద్య సేవలను క్రమబద్ధం చేయడానికి గుజరాత్ 2007లోనే ప్రత్యేక చట్టం చేసింది. మన దేశంలో ఇటువంటి చట్టానికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

ఈ వ్యవస్థలో మందు ఇచ్చే పద్ధతిని జాగ్రత్తగా గమనించండి. సూరత్‌లో రోగి పక్కన ఉన్నది ఈఎంటీ. ఆదేశం ఇచ్చే వైద్యుడు ఉన్నది అహ్మదాబాదు దగ్గరి కఠ్‌వాడా కేంద్రంలో. ఈఎంటీ ఫోనులో రోగి లక్షణాలు, నాడి, రక్తపోటు వివరిస్తాడు. వైద్యుడు విని, ఏ మందు ఎంత ఇవ్వాలో చెప్తాడు. చెయ్యి ఒకరిది, అధికారం మరొకరిది. వైద్యులు కొరతగా ఉన్న దేశంలో ఇది తెలివైన ఏర్పాటు. ఒక్క వైద్యుడు అనేక వాహనాలకు అండగా ఉండగలడు.

మన అంబులెన్సులలో అడ్రినలిన్ సాధారణంగా ఆంప్యూల్ రూపంలోనే ఉంటుంది. 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉండే ఈ చిన్న గాజు గొట్టం కొద్ది రూపాయలకే దొరుకుతుంది. జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఇది ఉంది. ఖరీదైన ఆటో ఇంజెక్టర్లు మన వ్యవస్థలో భాగం కాలేదు. అమెరికా పరికరం నుంచి ఆంప్యూల్ వైపు వచ్చింది. మనం ఆంప్యూల్‌తోనే మొదలుపెట్టాం. కాబట్టి మనకు మొదటి రోజు నుంచీ శిక్షణే పరికరం.

బండికి నియమం, మనిషికి నియమం

ఇక చట్టం సంగతి చూద్దాం. 1940 నాటి ఔషధాల, సౌందర్య సాధనాల చట్టం, 1945 నాటి నిబంధనలు మందుల తయారీని, అమ్మకాన్ని నియంత్రిస్తాయి. వైద్య వృత్తి చేయడానికి నమోదైన వైద్యులకే హక్కు ఉందని 1956 నాటి భారత వైద్య మండలి చట్టం చెప్పింది. దాని స్థానంలో 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం వచ్చింది. ఈ చట్టాలు రాసిన కాలంలో వైద్యుడు, నర్సు, మందులు అమ్మేవాడు, రోగి, ఈ నలుగురే శాసనకర్తల కళ్ళ ముందు ఉన్నారు. కదులుతున్న వాహనంలో సిరంజి పట్టుకున్న ఐదవ మనిషి అప్పటికి లేడు.

ఆ ఐదవ మనిషి వచ్చిన తరువాత ఏం జరిగింది? ముందుగా వాహనానికి ప్రమాణాలు వచ్చాయి. ఏఐఎస్-125 అనే జాతీయ అంబులెన్సు ప్రమాణం 2018 నుంచి అమలులోకి వచ్చింది. రోగి ఉండే భాగం ఎంత ఉండాలి, దీపాలు ఎలా ఉండాలి, ఏ తరగతి బండిలో ఏ పరికరాలు ఉండాలి అన్నవి అందులో ఉన్నాయి. లోపల కూర్చునే మనిషి వృత్తిని జాతీయ స్థాయిలో గుర్తించిన చట్టం మాత్రం 2021లో వచ్చింది. అదే జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం. దాని షెడ్యూలులో అత్యవసర వైద్య సాంకేతిక నిపుణులు, అంటే పారామెడిక్‌లు చోటు పొందారు. చదువు, రిజిస్ట్రేషను, వృత్తి పరిధి నిర్ణయించే అధికారం ఈ చట్టం కింద ఏర్పడే సంస్థలకు ఉంటుంది. హైదరాబాదులో మొదటి 108 వాహనం బయలుదేరిన నాటి నుంచి ఈ గుర్తింపునకు 16 ఏళ్ళు పట్టిందన్నమాట.

ఇన్నేళ్ళూ ఈఎంటీలు మందులు ఇస్తూనే ఉన్నారు, ప్రాణాలు కాపాడుతూనే ఉన్నారు. వారిని నడిపించింది సంస్థ నియమావళి, ఫోనులోని వైద్యుని ఆదేశం. అయితే ఫోను కలవకపోతే? వైద్యుడు మరొక కేసులో ఉంటే? సచిన్ పారిశ్రామిక వాడలో తేనెటీగల తుట్టె కదిలి కార్మికుడు స్పృహ తప్పితే, 15 నిమిషాలలో ఎన్ని నిమిషాలు దారికి పోతాయి, ఎన్ని ఫోనుకు పోతాయి? మరొక చిక్కు కూడా ఉంది. సూరత్‌లో రోగి ఒడియాలోనో, తెలుగులోనో, మరాఠీలోనో మాట్లాడవచ్చు. ఏం తిన్నాడో, ఏ మందు వేసుకున్నాడో గుజరాతీ ఈఎంటీకి చెప్పలేకపోవచ్చు. అటువంటప్పుడు మాటల మీద కాక, కంటికి కనిపించే లక్షణాల మీద ఆధారపడే స్పష్టమైన నియమం కావాలి.

ఏఎన్ఎం చూపిన దారి

ఇటువంటి నియమం మన దేశంలో అసాధ్యమా? కాదు. దానికి మన ఊరి ఏఎన్ఎం అక్కే సాక్ష్యం.

టీకా వేసిన తరువాత చాలా అరుదుగా బిడ్డకు అనాఫిలాక్సిస్ రావచ్చు. టీకా వేసేది ఏఎన్ఎం. వైద్యుడు ఉండేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. చాలా కాలం పాటు ఆమె చేయగలిగింది బిడ్డను ఆసుపత్రికి పంపడమే. 2010 దశకం రెండవ భాగంలో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు దీనిని మార్చాయి. లక్షణాలు చూసి అనుమానం కలిగితే, శిక్షణ పొందిన ఏఎన్ఎం వైద్యుని కోసం ఆగకుండా ఒక మోతాదు అడ్రినలిన్ కండరంలోకి ఇవ్వవచ్చు. ఆమెకు ఒక అనాఫిలాక్సిస్ కిట్టు ఇచ్చారు. అందులో ఆంప్యూళ్ళు, సన్నని కొలతల సిరంజి, సూదులు, వయసును బట్టి ఎంత మందు తీయాలో తెలిపే పట్టిక ఉంటాయి. ఇచ్చిన వెంటనే వైద్యాధికారికి తెలియజేయాలి, బిడ్డను ఆసుపత్రికి పంపాలి. 2021లో కోవిడ్ టీకాలు వేసినప్పుడు దేశమంతటా టీకా కేంద్రాలలో ఈ కిట్టు ఉంచారు. టీకా తరువాత అరగంట కూర్చోమన్నది కూడా ఇందుకే.

ఈ అనుమతిలోని నాలుగు హద్దులను చూడండి. ఏ లక్షణాలు కనిపిస్తే ఇవ్వాలో రాసి ఉంది. ఎంత ఇవ్వాలో రాసి ఉంది. ఎన్నిసార్లు ఇవ్వాలో రాసి ఉంది. ఇచ్చిన తరువాత ఎవరికి చెప్పాలో రాసి ఉంది. అధికారాన్ని గుడ్డిగా అప్పగించలేదు, భయంతో దాచిపెట్టనూ లేదు.

భయానికి కారణాలు లేకపోలేదు. అడ్రినలిన్ శక్తిమంతమైన మందు. కండరంలోకి ఇవ్వవలసిన మోతాదును పొరపాటున నరంలోకి ఎక్కిస్తే గుండె లయ తప్పవచ్చు. గుండె ఆగినప్పుడు నరంలోకి ఇచ్చే మోతాదు వేరు, అనాఫిలాక్సిస్‌లో కండరంలోకి ఇచ్చే మోతాదు వేరు. సీసాల మీద 1:1000, 1:10,000 అని నిష్పత్తులలో రాయడం వల్ల పొరపాట్లు జరుగుతున్నాయని అమెరికా 2016లో ఆ పద్ధతిని తీసివేసి, మిల్లీగ్రాములలోనే రాయాలని నిర్ణయించింది. సూది చూసి కళ్ళు తిరిగి పడిన మనిషిని అనాఫిలాక్సిస్ రోగి అని భ్రమపడే అవకాశమూ ఉంది. ఎండకు, వెలుతురుకు ఈ మందు బలం తగ్గుతుంది. గుజరాత్ వేసవిలో వాహనంలో దానిని ఎలా భద్రపరుస్తున్నారో, గడువు తేదీని ఎవరు చూస్తున్నారో కూడా నియంత్రణలో భాగమే. ఇవన్నీ నిజమైన ప్రమాదాలు. కానీ వీటిలో ప్రతిదానికీ శిక్షణ, పట్టిక, తనిఖీ, రికార్డు రూపంలో పరిష్కారం ఉంది. అనుమతి కోసం ఎదురుచూస్తూ దాటిపోయిన నిమిషాలకు మాత్రం పరిష్కారం లేదు.

కాబట్టి ఏఎన్ఎంకు ఇచ్చినట్టే, అంబులెన్సులోని ఈఎంటీకి కూడా మొదటి మోతాదు విషయంలో రాతపూర్వకమైన, చట్టబద్ధమైన స్థిర అనుమతి ఉండాలి. రెండవ మోతాదుకు, అనుమానం ఉన్న కేసులకు ఫోనులోని వైద్యుడు ఉండనే ఉన్నాడు. 2021 చట్టం ఈ పరిధిని దేశమంతటికీ ఒకేలా నిర్ణయించడానికి వీలు కల్పించింది. అది కాగితం మీద నుంచి వాహనంలోకి దిగినప్పుడే సూరత్‌లోని ఈఎంటీకీ, వరంగల్‌లోని ఈఎంటీకీ ఒకే హక్కు, ఒకే బాధ్యత, పొరపాటు జరిగినా నియమం పాటించినవారికి ఒకే రక్షణ లభిస్తాయి.

మీరు చేయగలిగినది

విద్యార్థులారా! మీలో కొందరు రేపు వైద్యులు, నర్సులు, ఈఎంటీలు కావచ్చు. కొందరు న్యాయవాదులై ఈ నియమాలను రాయవచ్చు. అంతవరకు ఆగనవసరం లేదు. మీ పక్కన ఎవరికైనా ఏదో తిన్న తరువాత, కుట్టిన తరువాత లేదా మందు పడిన తరువాత దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు బిగుసుకోవడం, తల తిరగడం కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయండి. రోగిని పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తులో ఉంచండి. ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుంటే కూర్చోనివ్వండి. హఠాత్తుగా లేపి నిలబెట్టకండి, నడిపించకండి. వాంతి అయ్యేవారిని పక్కకు తిప్పండి. ఏం తిన్నారో, ఏం కుట్టిందో, ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకుని అంబులెన్సు సిబ్బందికి చెప్పండి. మీకు గాని, మీ ఇంట్లో వారికి గాని ఏదైనా మందు పడదని తెలిస్తే ఆ పేరు ఒక కాగితం మీద రాసి ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. పరభాషా ప్రాంతానికి పనికి వెళ్ళే బంధువులుంటే, ఆ పేరును అక్కడి భాషలో కూడా రాయించి వారి జేబులో పెట్టండి.